హీరో స్నేహితుడి గొంతు

గొంతుపెట్టె మొత్తం తీసేయాలని డాక్టరు చెప్పినప్పుడు ఆ గదిలో చలించని మనిషి అబూ జవాద్ ఒక్కడే. కూతురు జైనబ్ అబాయా అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొడుకు జవాద్ గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు. వీల్‌చైర్ పట్టుకుని వెనక నిలబడ్డ నర్సు రూబీకి కూడా కళ్లు చెమర్చాయి గానీ, యూనిఫాం మీద ఉన్న మనిషి పేషెంటు ముందు కన్నీళ్లు పెట్టకూడదని తమాయించుకుంది.

"తీసేశాక ఎలా మాట్లాడాలి డాక్టర్?" అని అడిగాడు అబూ జవాద్. ఆ మాటలు కూడా గరుకుకాగితం మీద గీసినట్టు వచ్చాయి.

"మెడకు ఆనించుకుని మాట్లాడే మిషన్లున్నాయి బాబా. కొన్నాళ్లకు అలవాటవుతుంది."

డాక్టరు తన ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఎవరో పెద్దాయన గడ్డం కింద టార్చిలైటులాంటిది పెట్టుకుని మాట్లాడుతున్నాడు. చెడిపోయిన మిక్సీలోంచి మనిషి పిలుస్తున్నట్టుంది ఆ శబ్దం. అబూ జవాద్ వీడియో మొత్తం ఓపిగ్గా చూశాడు. ఫోను తిరిగి డాక్టరు చేతికిచ్చాడు.

"వద్దు," అన్నాడు. "ఇది ఉన్నంతకాలం ఉంటుంది. పోయిన రోజు దీంతోపాటే నేనూ పోతాను."

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. పుట్టిందీ పెరిగిందీ అరబ్బు దేశపు సముద్రతీరంలోని ఖతీఫ్. తండ్రి రొయ్యల పడవ మీద పనిచేసేవాడు. తను మాత్రం కాస్త ఇంగ్లీషు నేర్చుకుని ఆయిల్ కంపెనీలో గుమస్తాగా కుదురుకున్నాడు. ఆ రోజుల్లో కంపెనీ తన మనుషుల కోసం ఒక టీవీ స్టేషన్ నడిపేది. పాత హాలీవుడ్ సినిమాలు తెప్పించి, అరబ్బీలో మాటలు చెప్పించి వేసేవారు. గుమస్తా అబూ జవాద్ ఒకసారి ఫోన్లో మాట్లాడుతుంటే విన్న సూపర్‌వైజరు, ఆ గొంతేదో పనికొస్తుందని మైకు ముందు కూర్చోబెట్టాడు. పెళ్లాం పిల్లలు ఇంకా లేని వయసు, ఇంటికెళ్లే తొందర లేదు. అలా పదేళ్ల పైచిలుకు, పగలు ఫైళ్లు, సాయంత్రాలు సినిమాలు.

రూబీది మొగల్తూరు. విజయవాడలో నర్సింగ్ చదివి, ఖోబర్‌లోని ఒక హోమ్‌కేర్ కంపెనీ వీసా మీద వచ్చింది. ఆ కంపెనీయే ఆమెను అబూ జవాద్ ఇంటికి పంపింది. వచ్చిన కొత్తలో ఆయన దగ్గర ఆమెకు తోచేది కాదు. పెద్దాయన మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక నలుపు తెలుపు సినిమా పెట్టుకునేవాడు. శబ్దం మొత్తం తగ్గించేసేవాడు. తర్వాత తనే మొదలుపెట్టేవాడు. తెర మీద అమెరికావాడు నోరు తెరిచే సరికి ఇక్కడ అరబ్బీ మాట సిద్ధంగా ఉండేది. వాడు నోరు మూస్తే ఇక్కడా ఆగేది. యాభై ఏళ్ల కింద చెప్పిన మాటలు ఒక్కటీ మరిచిపోలేదు. మొదట్లో మతి చలించిందేమో అనుకున్న రూబీ, పోనుపోనూ మందులిచ్చాక తనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

సినిమా అయ్యాక ఆయన చెప్పే కబుర్లు ఇంకా బాగుండేవి. కంపెనీ కాంపౌండులో కాపురముండే అమెరికన్ ఆడవాళ్లు చదివి పారేసిన సినిమా పత్రికలన్నీ ఆయన ఒకప్పుడు ఏరుకొచ్చి నమిలేశాడు. ఆ నటుల కష్టసుఖాలు సొంత మేనమామల సంగతుల్లా చెప్పేవాడు.

"వాళ్లవి ఏడేళ్ల అగ్రిమెంట్లు, బింతీ," అనేవాడు. నా బిడ్డా అని పిలుస్తున్నట్టు. "స్టూడియో ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలించుకోవచ్చు. నటుడు మాత్రం కదలడానికి లేదు. ఇచ్చిన వేషం వద్దన్నాడా, సస్పెండ్. ఇంట్లో కూర్చున్న రోజులన్నీ తీసుకెళ్లి అగ్రిమెంటు చివర కలిపేవాళ్లు. ఇంకో స్టూడియోవాడు అడిగితే నటుణ్ని అడక్కుండానే అరువిచ్చేవాళ్లు."

"మా కంపెనీ కూడా అంతేగా బాబా," అని నవ్వింది రూబీ. "మీ ఇంటికి నన్ను అలాగే అరువిచ్చారు."

"పేరు కూడా మార్చేవాళ్లు. పలకడానికి వీల్లేని పేరుతో వస్తే, మేనేజరు అప్పటికప్పుడు ఒక పేరు పెట్టేవాడు. నీ పేరు మార్చలేదు కదా?"

"నా పేరు రూబీ కరుణ. వచ్చిన దగ్గర్నుంచీ 'సిస్టర్' తప్ప ఇంకో పిలుపు లేదు."

అబూ జవాద్ "రూబీ కరుణ," అని నెమ్మదిగా పలికాడు. ఆ బొంగురు గొంతులో కూడా తన పేరు అంత అందంగా వినపడటం చూసి రూబీ ఆశ్చర్యపోయింది.

ఆయన గొంతిచ్చింది హీరోలకు కాదు. ఎడ్విన్ హేల్ అని ఒక నటుడు. పొడుగ్గా, మర్యాదగా, కోటు వేసుకుని ఉంటాడు. ఏ సినిమాలోనైనా వాడు హీరో స్నేహితుడే. హీరోయిన్‌ను ప్రేమిస్తాడు, ఆమె వాడి మంచితనానికి నవ్వి వేరేవాడితో వెళ్లిపోతుంది, హేల్ టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడతాడు. యుద్ధం సినిమా అయితే కథ మూడోవంతు నడవకముందే చచ్చిపోతాడు. అరబ్ షేక్ వేషాలకు కూడా వాణ్నే పిలిచేవారు. ముఖానికి గోధుమరంగు పులిమి, నెత్తికి గుడ్డ చుట్టి, ఇంగ్లీషులో వంకరటింకరగా మాట్లాడించేవారు. ఆ వంకర ఇంగ్లీషును చక్కటి అరబ్బీ చేసి చెప్పేది ఖతీఫ్ అరబ్బు. ఈ మాట చెప్పినప్పుడల్లా అబూ జవాద్ దగ్గు తెరలు వచ్చేదాకా నవ్వేవాడు.

"ఒక్కసారి మాత్రం వాడికి హీరో వేషం వచ్చింది," అని చెప్పాడొకరోజు. "స్టూడియోలో పెద్ద స్టారు ఒక కథ నచ్చలేదని అలిగి కూర్చున్నాడు. వాణ్ని సస్పెండ్ చేసి, హేల్‌కు టెస్టు తీశారు. బట్టలు కుట్టించారు. పత్రికలకు ఫొటోలు కూడా ఇచ్చారు. రేపో మాపో షూటింగ్ అనగా అలిగిన స్టారు దిగొచ్చాడు. ఇంకేముంది. హేల్‌కు కుట్టిన కోటునే కాస్త వదులు చేసి వాడికి తొడిగారు. హేల్‌కు మళ్లీ స్నేహితుడి వేషమే. అదే సినిమాలో."

"చెయ్యనన్నాడా?"

"ఎలా అంటాడు? అంటే సస్పెండ్. చేశాడు. ఆ సినిమా మా దగ్గరికి వచ్చినప్పుడు, ఈ ఒక్కసారి నాకు హీరో గొంతు ఇవ్వమని సూపర్‌వైజర్ని అడిగాను. హీరో గొంతు లెబనాన్ నుంచి వచ్చిన ఒకాయనది. పాపం మంచివాడే. సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? నీది బాధపడే గొంతు, గెలిచే గొంతు కాదు అన్నాడు. మా టీవీలో ముద్దులన్నీ కత్తిరించేవాళ్లు. ముద్దు తీసేస్తే హీరోకీ స్నేహితుడికీ తేడా ఏముంది చెప్పు? అయినా ఇవ్వలేదు."

రూబీకి తమ ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం గుర్తొచ్చింది. మరియమ్మ వేషం ఏటేటా పాస్టరుగారి అమ్మాయిదే. రూబీకి మాటలన్నీ కంఠతా వచ్చు, ఆ పిల్లకు రావు. అందుకని రూబీని తెర వెనక నిలబెట్టి మాటలు అందించమనేవారు. ఆ సంగతి చెబితే అబూ జవాద్ నవ్వలేదు. "అయితే నీకు తెలుసు," అన్నాడు అంతే.

ఇలా ఉండగా గొంతు నొప్పి, రక్తపు చారలు, పరీక్షలు, చివరికి డాక్టరు గదిలో ఆ మాట. ఆపరేషన్ వద్దని భీష్మించుకున్నాక ఇంట్లో నవ్వులు పోయాయి. జైనబ్ రూబీని వంటింట్లోకి పిలిచి, "నువ్వు చెబితే వింటాడు. ఎలాగైనా ఒప్పించు సిస్టర్," అని చేతులు పట్టుకుంది. రూబీ చెప్పి చూసింది. ఆయన రిమోట్ తీసుకుని టీవీలో ఇంకో సినిమా పెట్టుకున్నాడు.

ఆ వారాల్లోనే రియాద్ నుంచి లమా అనే ఆవిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. దేశంలో ఇన్నేళ్లూ నిషేధం ఉన్న సినిమా హాళ్లు తెరిచాక కొత్తగా సినిమాలు తీస్తున్నవాళ్లలో ఒకరు. ఈ తీరంలో చేపలు పట్టేవాళ్లు ఆయిల్ కంపెనీ కూలీలుగా మారిన రోజుల మీద సినిమా తీసింది. ఆ కాలపు కబుర్లు ఇంకా ఏమైనా చెబుతాడేమోనని అబూ జవాద్‌ను వెతుక్కుంటూ వచ్చింది. ఆయన అరబ్బీ కాఫీ గావా పోయించి, నాలుగు మాటలు చెప్పాడో లేదో, ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"మీరు నా సినిమా మొత్తం చెప్పాలి," అంది.

ఆ సినిమాలో ఒక ముసలి జాలరి తన జీవితమంతా చెబుతుంటాడట. తెర మీద ఎక్కడా కనిపించడు. మొదటినుంచి చివరిదాకా ఆ గొంతే కథ నడుపుతుంది. తెర మీది కుర్రాడు ఆ గొంతుకు చిన్నప్పటి రూపం మాత్రమే.

"అంటే హీరో గొంతు," అన్నాడు అబూ జవాద్.

"హీరో అదే," అంది లమా.

ఆవిడ వెళ్లాక పెద్దాయన చాలాసేపు తోటలో తిరిగాడు. రూబీ వెనకే నడిచింది. ఖర్జూరపు చెట్ల కింద నీళ్ల పైపు బుసబుసమంటోంది. అప్పుడు తట్టింది ఆమెకు.

"బాబా, ఒక మాట చెప్పనా? ఆ సినిమాకు గొంతిచ్చేయండి. మీది ఇక అక్కడ భద్రంగా ఉంటుంది. ఎన్నేళ్లైనా ఉంటుంది. ఆ తర్వాత మిగిలింది గొంతు కాదు, జబ్బు. దాన్ని డాక్టర్లకిచ్చేయండి."

అబూ జవాద్ ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. "ఇది నీ మాటా, జైనబ్ చెప్పమందా?"

"నా మాటే బాబా."

"సరే," అన్నాడాయన.

రియాద్‌కు కారులో వెళ్లారు. డ్రైవరు ఖాదర్ మొహిద్దీన్‌ది కడప. చాలా ఏళ్లుగా ఆ ఇంట్లోనే పని. పెద్దాయన వెనక సీట్లో ఒరిగి నిద్రపోతుంటే ఖాదర్ గొంతు తగ్గించి తెలుగులో మొదలుపెట్టాడు.

"ఏం సిస్టరమ్మా, గొంతు పోతాదంటే ఇంత ఇదిగా ఉండారే మీరంతా. గొంతుండి మనమేం చేసినాం ఈడ? ఎస్ బాబా, నో మేడం. అంతే గదా."

"ఆయనకి అదే ఆస్తి ఖాదరన్నయ్యా."

"ఆస్తే. కాదన్లా. నేనూ విన్నాలే, సినిమా సౌండు ఆపేసి ఈయన మాట్లాడతా ఉంటే. ఒకతూరి కారు కడగతా కడగతా అట్నే నిల్చుండిపోతి. అరబ్బీ సగం అర్థం కాదు నాకు. అయినా కండ్లల్లో నీళ్లు తిరిగె." అద్దంలో పెద్దాయన్ని చూసి, "ఆయమ్మ, ఆ సినిమా ఆయమ్మ, మాట మీద నిలబడే మనిషేనా?" అని అడిగాడు.

"మంచిమనిషిలాగే ఉందండీ."

"మంచోళ్లే గదమ్మా మనకు తగిలేదంతా," అన్నాడు ఖాదర్.

రికార్డింగ్ మూడు రోజులు పట్టింది. స్టూడియోలో సౌండు చూసే ఆసిఫ్ హైదరాబాదువాడు. రూబీ తెలుగుదని తెలిసి, అద్దం ఇవతల తన పక్కన కుర్చీ వేశాడు. అవతల అబూ జవాద్ మైకు ముందు కూర్చున్నాడు. రెండు వాక్యాలు చెప్పి ఆగి వేడినీళ్లు తాగేవాడు. రూబీ లోపలికి వెళ్లి ఆవిరి పట్టించేది. మళ్లీ రెండు వాక్యాలు. రెండో రోజు నెత్తురు పడింది. లమా భయపడి ఆపేద్దామంది. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "ఎక్కడ ఆగాం?" అన్నాడు.

చివరి రోజు, జాలరి తన పడవ అమ్ముకుని ఒడ్డున నిలబడే చోటు వచ్చింది. అబూ జవాద్ కాగితం పక్కన పెట్టేసి, తెర మీద అలలు కదలడం చూస్తూ చెప్పాడు. ఏడవలేదు, గొంతు పెంచలేదు. ఇంటికి వచ్చిన చుట్టానికి దారి చెబుతున్నట్టు చెప్పాడు. అద్దం ఇవతల ఆసిఫ్ చేతులు మీటల మీదే ఆగిపోయాయి. "అరె అక్కా," అన్నాడు నెమ్మదిగా, "గిట్ల చెప్పెటోడు ఇన్నొద్దులు ఏడున్నడే?" లమా తలుపు తోసుకుని వెళ్లి ఆయన నుదురు ముద్దుపెట్టుకుంది.

ఆ నెలలోనే ఆపరేషన్ అయింది.

తర్వాతి రోజులు రూబీకి తెలిసిన పనే. మెడ కింది భాగంలో చేసిన రంధ్రంలోంచే ఇక ఊపిరి. కఫం తీయడం, చుట్టూ తుడవడం, గుడ్డ మార్చడం, గొట్టంతో పాలు పోయడం. ఆయనకు ఒక తెల్లబోర్డు, మార్కరు కొనిచ్చారు. మెడకు ఆనించే మిషన్ కూడా తెచ్చారు గానీ, ఆయన దాన్ని పెట్టెలోంచి తీయనివ్వలేదు. బోర్డు మీద మాత్రం చక్కటి దస్తూరీతో రాసేవాడు. గావా వాసన చూపించమని రాసేవాడు. ముక్కుతో ఊపిరి లేకపోతే వాసన కూడా తెలియదని అప్పటికి ఆయనకు అర్థం కాలేదు. రూబీ కప్పు దగ్గర పెట్టింది. ఆయన వంగి చూసి, తల అడ్డంగా ఊపి, బోర్డు తుడిచేశాడు.

అయినా ఆ నెలలన్నీ ఆయన దిగులు పడలేదు. "సినిమా ఎప్పుడు?" అనేది రోజూ రాసే మాట. మనవలు వస్తే, సైగలతో కూర్చోబెట్టి, మీ తాత హీరో అని రాసి చూపించేవాడు. రూబీకి అదొక తృప్తి. తన మాట విన్నందుకు పెద్దాయన చెడిపోలేదని.

ఖోబర్‌లోని ఒక మాల్‌లో సినిమా విడుదల రోజు లమా కుటుంబమంతటికీ టికెట్లు పంపింది. తను కూడా వస్తానని రాసింది. అబూ జవాద్ తెల్లటి కొత్త తోబు, పాదాలదాకా జారే పొడుగు చొక్కా, వేసుకున్నాడు. మెడ దగ్గరి రంధ్రం కనిపించకుండా రూబీ పల్చటి తెల్ల గుడ్డ కట్టింది. హాల్లో కుడి పక్క జైనబ్, ఎడమ పక్క రూబీ, వెనక వరుసలో జవాద్, ఖాదర్, పిల్లలు.

దీపాలు ఆరాయి. తెర మీద సముద్రం. ఒక పడవ. ఆ పైన ఒక గొంతు మొదలైంది.

అది నిండుగా, నునుపుగా, లోతుగా ఉంది. ఎక్కడా గీత లేదు. రూబీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. మిషన్లతో గొంతును బాగు చేశారేమో అనుకుంది. రెండో వాక్యానికి తెలిసిపోయింది. ఆ గొంతు ఆమెకూ తెలుసు. ఇంట్లో జైనబ్ చూసే సీరియళ్లలో, రంజాన్ నెల ప్రకటనల్లో వినిపించే కైరో నటుడిది. ముందు వరుసలో ఎవరో ఆయన పేరు చెప్పుకుని మురిసిపోతున్నారు.

జైనబ్ చెయ్యి వచ్చి తండ్రి చెయ్యి మీద పడింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ముందుకు వంగి తెర కేసే చూస్తున్నాడు. తెర వెలుగులో రూబీకి ఆయన పెదవులు కనిపించాయి. కదులుతున్నాయి. ఆ గొంతు చెబుతున్న ప్రతి మాటకూ సరిగ్గా, ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతూ, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తీస్తూ కదులుతున్నాయి. మెడ మీది తెల్ల గుడ్డ మాత్రం పొంగుతూ అణుగుతూ ఉంది. కైరో నటుడు పడవ అమ్మిన చోట గద్గదమయ్యాడు. హాల్లో జనం ముక్కులు తుడుచుకున్నారు. అబూ జవాద్ పెదవులు అక్కడ ఆగిపోయాయి. ఆయన ఆ చోట అలా చెప్పలేదు.

"పోదాం బాబా," అంది రూబీ చెవి దగ్గర. ఆయన తల అడ్డంగా ఊపాడు. చివరి పేర్లు పడేదాకా కూర్చున్నాడు. ఆ పేర్ల వరుసలో చివరెక్కడో, కృతజ్ఞతలు చెప్పుకున్న ఇరవై ముప్పై మందిలో ఆయన పేరు ఉంది. అదీ, పక్కన రావాల్సిన ఆయన తండ్రి పేరు తప్పుగా పడింది.

బయట లమా ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

"నేను చాలా కొట్లాడాను బాబా," అంది. "సినిమా కొన్నవాళ్లు తెలిసిన పేరు ఉంటేనే హాళ్లు ఇస్తామన్నారు. మీ గొంతులో మాటలు సరిగా తెలియడం లేదన్నారు. ముందే చెబుదామనుకున్నాను. మీ ఆపరేషన్... ఎలా చెప్పాలో తెలియలేదు."

జైనబ్ ఏదో గట్టిగా అనబోయింది. అబూ జవాద్ చెయ్యి ఎత్తి ఆపాడు. బోర్డు అడిగాడు. రూబీ సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన నిలబడే రాశాడు. బాగా చెప్పాడు, అని. ఒక్క క్షణం ఆగి కింద ఇంకో మాట రాశాడు. మంచి ఎంపిక.

లమా ఆ బోర్డు చూసి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఆయన ఆమెను దాటి లిఫ్టు వైపు నడిచాడు.

ఇల్లు చేరాక ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రూబీ బోర్డు తలగడ పక్కన పెట్టింది. మర్నాడు చూస్తే మంచం కింద ఉంది. మళ్లీ పెట్టింది. మళ్లీ కింద. మధ్యాహ్నం ఆయన ఇష్టపడే సినిమా పెట్టి శబ్దం తగ్గించింది. ఆయన రిమోట్ తీసుకుని టీవీ కట్టేశాడు.

"నేనే కదా బాబా చెయ్యమంది," అంది ఒకరోజు మెడ తుడుస్తూ. "నా మీద కోపమేగా మీకు?"

ఆయన ఆమె మణికట్టు పట్టుకుని కాసేపు ఉంచి వదిలేశాడు. కోపం లేదనా, ఇక చాలు పొమ్మనా, ఆమెకు తెలియలేదు. అడగడానికి ఆయన బోర్డు ముట్టేవాడు కాదు.

చలికాలం వచ్చేసరికి జబ్బు ఊపిరితిత్తుల్లో కనిపించింది. ఆ రిపోర్టు వచ్చిన వారమే హోమ్‌కేర్ కంపెనీ రూబీని రియాద్‌కు మార్చింది. అక్కడొక పెద్ద ఇంట్లో పక్షవాతం వచ్చిన ముసలావిడ. జైనబ్ కంపెనీకి ఫోన్ చేసి బతిమాలింది. కొత్త నర్సు వస్తుందని వాళ్లు చెప్పారు. రూబీ కంపెనీలోని తన సూపర్‌వైజర్ని అడిగితే, వెళ్లనంటే అగ్రిమెంటు ప్రకారం చూసుకుందాం అందావిడ. రూబీ పెట్టె సర్దుకుంది.

వెళ్లేముందు అబూ జవాద్ దగ్గర కూర్చుంది. వెళ్తున్నానని చెప్పింది. ఆయన గోడ వైపు నుంచి తిరిగి చూశాడు. పెదవులు కదిలాయి. మూడు నాలుగు మాటలే. ఎంతమంది పెదవులనో చదివి మాటలు అతికించిన మనిషి ఆయన. ఆయన పెదవులు మాత్రం రూబీ చదవలేకపోయింది. "మళ్లీ చెప్పండి బాబా," అంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

రియాద్‌లో మొదటి సెలవు రోజు రూబీ మెట్రో ఎక్కి ఆ రికార్డింగ్ స్టూడియోకి వెళ్లింది. ఆయన చెప్పిన మాటలు దొరికితే ఫోన్లో వేసుకుని పంపాలని. చెవి దగ్గర పెట్టి వినిపించమని ఖాదర్‌కు చెప్పాలని. ఆసిఫ్ ఆమెను చూసి గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"అక్కా, ఏం చెప్పాల్నో తెల్వదు," అన్నాడు. "సినిమా అప్పజెప్పినంక అన్నీ తుడిచేస్తం. కొత్త పనికి జాగ కావాలె. కొన్నోళ్లు ఒరిజినల్ కూడ తీస్కపోయిన్రు. ఆ మేడంను అడిగినవా?"

"అడిగానండీ. ఆవిడ దగ్గర లేదంట. సినిమా కొన్నవాళ్లనడిగితే జవాబే లేదంట."

"ఒక్క ముక్కన్న దాస్కోవాల్సుండె నేను." ఆసిఫ్ మీటల మీది దుమ్ము వేలితో తుడిచాడు. "మనసుల అనుకున్న. తర్వాత ఇంకో పనొచ్చింది, మర్చిపోయిన. మాఫ్ చేయ్ అక్కా."

చాయ్ తెప్పిస్తానన్నాడు. వద్దని చెప్పి వచ్చేసింది.

ఆ తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. ముసలావిడకు ఫిజియోథెరపీ చేయిస్తుండగా ఖాదర్ ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మా, బాబా పాయె."

రూబీ వసారాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. "ఎప్పుడన్నయ్యా?"

"పొద్దున. తెల్లారుజామున ఫజర్ నమాజుకు లేచి జైనబమ్మ చూస్తే ఊపిరి లేదంట. మట్టి చేసి ఇప్పుడే వస్తాండాం."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"కొత్త సిస్టర్ ఉండె. ఫిలిప్పీన్ పాప. మంచి పిల్లే, ఆ పిల్లదేం తప్పు. పక్క రూములో పండుకోనుండె. పిలిచేకి గొంతు లేదు గదమ్మా ఆయనకు. ఎట్ల పిలుస్తాడు?"

అవతల కారు తలుపు వేసిన శబ్దం, ఎవరో అరబ్బీలో పిలవడం వినిపించాయి.

"నువ్వు ఆయన గొంతు కోసరం పోతానంటివే, ఏమాయె?"

"లేదన్నయ్యా. తుడిచేశారంట."

"అంతేలే," అన్నాడు ఖాదర్. "మూడు దినాలు మనుషులొస్తారు ఈడికి, మాతం చెప్పేకి, పలకరించేకి. వీలయితే రా. జైనబమ్మ నిన్నే అడగతాంది."

రూబీ సూపర్‌వైజరుకు ఫోన్ చేసి రెండు రోజులు సెలవు అడిగింది. ఎవరు పోయారని అడిగింది సూపర్‌వైజరు. పాత పేషెంటు అని చెప్పింది. అవతల కంప్యూటరు మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది.

"సొంతవాళ్లైతేనే ఆ సెలవు సిస్టర్. పేషెంట్లు పోతే ఇచ్చే సెలవు లేదు. రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు కదా," అంది సూపర్‌వైజరు. కోపంగా కాదు, ఉన్న మాట చెబుతున్నట్టే చెప్పింది.

"సరే మేడం," అంది రూబీ. లోపల ముసలావిడ కుడి చెయ్యి పైకి లేపించాల్సిన వేళ దాటిపోతోంది. ఆమె లోపలికి వెళ్లి, చల్లగా, బరువుగా ఉన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా పైకి ఎత్తింది. కింద పెట్టింది. మళ్లీ ఎత్తింది.